ఇంటి ప్లగ్గు నుంచి క్యాంపర్‌కి కరెంటు: అసలు చిక్కు ఆంపియర్లలోనే ఉందా?

మా బావ విశాఖలోని గాజువాక ఆటోనగర్‌లో ఒక చిన్న క్యాంపర్ ట్రైలర్ కట్టించుకున్నాడు. బండి వెనక తగిలించుకుని లాక్కెళ్లేది. లోపల రెండు పడకలు, చిన్న ఫ్రిజ్, టన్ను ఏసీ, ఒక బ్యాటరీ. అరకు వెళ్లొచ్చాక దాన్ని మధురవాడలో ఇంటి ముందు పెట్టి, చుట్టాలు వచ్చినప్పుడు ఒక గదిలా వాడుకుందాం, ఇంట్లోంచి వైరు లాగితే సరిపోతుంది కదా అన్నాడు. చిక్కంతా అక్కడ మొదలైంది. ఎలక్ట్రీషియన్‌ని అడిగితే పవర్ ప్లగ్గు చాలన్నాడు. బాడీ కట్టినాయన మాత్రం సెపరేట్ లైను లేకుండా పెట్టొద్దన్నాడు. యూట్యూబ్‌లో చూసిన అమెరికా వీడియోలో ముప్పై ఆంపియర్ల కనెక్షన్ కావాలని ఉంది. మా మావయ్యేమో ఇంట్లో గీజర్ నడిచే ప్లగ్గుకి ఏదైనా నడుస్తుంది, మీరెందుకు టెన్షన్ పడతారు అన్నాడు.

నలుగురూ అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్కరు ఒక్కో ముక్క గురించి మాట్లాడారు, అంతే. కారవాన్ టూరిజం మాట ఇప్పుడు మన దగ్గర గట్టిగా వినిపిస్తోంది, కేరళ అయితే 2021లోనే దానికి ఒక విధానం ప్రకటించింది, కాబట్టి ఈ ప్రశ్న ఇంకా చాలా ఇళ్లకి వస్తుంది. అందుకే ముక్కలన్నీ ఒక చోట పెట్టి చూద్దాం.

ఆరు ఆంపియర్ల ప్లగ్గు, పదహారు ఆంపియర్ల ప్లగ్గు

మన ఇళ్లకి వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. గోడలో రెండు రకాల ప్లగ్గులు ఉంటాయి. ఫోన్ ఛార్జర్, టీవీ పెట్టే చిన్నది 6 ఆంపియర్లది, గీజర్, ఏసీ పెట్టే పెద్దది 16 ఆంపియర్లది. పాతవాళ్లు వీటినే ఐదు, పదిహేను అంటారు. వోల్టులని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి, అంటే చిన్న ప్లగ్గు మోయగలిగింది 1,380 వాట్లు, పెద్దది 3,680 వాట్లు. ఇది ఆ సాకెట్ పళ్లు, అంటే లోపల పిన్నుల్ని పట్టుకునే ఇత్తడి ముక్కలు, ఎంత కరెంటు మోస్తాయో చెప్పే అంకె మాత్రమే. గోడ లోపల దానికి వచ్చే వైరు ఏ సైజుదో, అదే వైరు మీద ఇంకేమి వేలాడుతున్నాయో అది చెప్పదు. పాత ఇళ్లలో బాత్రూమ్ గీజర్‌కీ వరండా పవర్ ప్లగ్గుకీ ఒకే లైను తిప్పేసి ఉంటారు. అప్పుడు పొద్దున్నే ఇంట్లో ఎవరో 2,000 వాట్ల గీజర్ వేస్తే, క్యాంపర్‌కి మిగిలేది 1,680 వాట్లే.

అమెరికా అంకెలు మనల్ని ఎందుకు తికమక పెడతాయి

అక్కడ మామూలు ఇంటి ప్లగ్గు 120 వోల్టులు, 15 ఆంపియర్లు, అంటే 1,800 వాట్లు. వాళ్ల క్యాంపర్లకి ప్రత్యేకంగా వచ్చే 30 ఆంపియర్ల కనెక్షన్ 3,600 వాట్లు. ఇప్పుడు మన పవర్ ప్లగ్గు లెక్క మళ్లీ చూడండి, 3,680. వాళ్ల "ముప్పై" మన "పదహారు" దాదాపు ఒకటే! అమెరికా వీడియోలో ఒకాయన ఇంటి ప్లగ్గుకి అడాప్టర్ తగిలించి ఏసీ వేయొద్దని మొత్తుకుంటుంటే, ఆయన మాట్లాడేది 1,800 వాట్ల ప్లగ్గు గురించి. ఆ హెచ్చరికని మన పదహారు ఆంపియర్ల ప్లగ్గుకి ఉన్నదున్నట్టు అంటించలేం, అలాగని మన చిన్న ప్లగ్గుకి వర్తించదనీ అనలేం. వాళ్ల పెద్ద బళ్లకి ఉండే 50 ఆంపియర్ల కనెక్షన్ ఇంకో లోకం, రెండు 120 వోల్టుల లైన్లు కలిసి 12,000 వాట్లు.

ఎవరైనా అమెరికా ట్రైలర్‌నే తెప్పించుకుంటే, వోల్టేజిని ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి తగ్గించవచ్చు గానీ 60 హెర్ట్‌జ్ కోసం చేసిన ఏసీ కంప్రెసర్‌కి మన 50 హెర్ట్‌జ్ అందుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్రీక్వెన్సీని మార్చదు. మోటారు నెమ్మదిగా తిరుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది.

ఒక రాత్రి లెక్క

బావ ట్రైలర్‌నే తీసుకుందాం. టన్ను ఏసీ నడుస్తున్నప్పుడు 1,200 వాట్లు అనుకోండి. బ్యాటరీ ఛార్జర్ 300, ఫ్రిజ్ 100, ఫ్యాను, లైట్లు, ఫోన్లు, లాప్‌టాప్ అన్నీ కలిపి ఇంకో 200. మొత్తం 1,800 వాట్లు, అంటే 7.8 ఆంపియర్లు. పెద్ద ప్లగ్గుకి ఇది హాయిగా సరిపోతుంది, చిన్న ప్లగ్గుకి సరిపోదు. ఏసీ తీసేస్తే 600 వాట్లు, 2.6 ఆంపియర్లు, అది చిన్న ప్లగ్గు కూడా మోస్తుంది. ఇప్పుడు ఏసీ నడుస్తుండగానే అక్క పొద్దున్న కాఫీకి ఇండక్షన్ స్టవ్ 2,000 వాట్ల మీద పెట్టింది. మొత్తం 3,800 వాట్లు, పదహారున్నర ఆంపియర్లు. గీత దాటింది.

కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆఫ్ అయ్యే స్విచ్, ఎంసీబీ, ఉంది కదా, పడిపోతుంది కదా అంటారు.

పడదు. చాలామందికి తెలియని సంగతి ఇదే. ఇళ్లలో వాడే ఎంసీబీల ప్రమాణం ప్రకారం 16 ఆంపియర్ల ఎంసీబీ దాని అంకెకి 1.13 రెట్లు, అంటే 18 ఆంపియర్ల దాకా గంటసేపు పడకుండా ఉండాలి. 1.45 రెట్లు, అంటే సుమారు 23 ఆంపియర్లు పారితే గంటలోపు పడాలి. ఈ రెండింటి మధ్య అది ఎప్పుడు పడుతుందో కచ్చితంగా చెప్పలేం. అది చెడిపోయి కాదు, గోడలో వైరు కాలిపోకుండా కాపాడటానికే దాన్ని అలా తయారుచేశారు. క్షణంసేపు మోటారు లాగే ఎక్కువ కరెంటుకి అది పడిపోతే ఇంట్లో ఏదీ నడవదు. కానీ ఈలోపు 18 ఆంపియర్లు గంటల తరబడి మోస్తున్నది మాత్రం ఆ సాకెట్ పళ్లే.

విశాఖలో ఆ పళ్ల సంగతి ఇంకొంచెం వేరు. బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ, భీమిలి వైపు ఇళ్లలో ఉప్పు గాలికి గ్రిల్సే తుప్పు పట్టిపోతాయి, వరండాలో ఉన్న సాకెట్ లోపలి ఇత్తడి ముక్కలు, బిగించిన స్క్రూలు అలాగే ఉంటాయా? పైకి సాకెట్ తెల్లగానే ఉంటుంది, లోపల నల్లటి పొర పడుతుంది. పిన్నుకీ సాకెట్‌కీ మధ్య 0.2 ఓమ్‌ల నిరోధం చేరిందనుకోండి. 12 ఆంపియర్లు పారితే అక్కడ పుట్టే వేడి 12ని 12తో, మళ్లీ 0.2తో గుణిస్తే, సుమారు 29 వాట్లు. రేడియో రిపేరు వాళ్లు వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంటే రాత్రంతా సాకెట్ లోపల ఒక సోల్డరింగ్ ఐరన్ వెలుగుతున్నట్టు. ఇక్కడ ఆంపియర్లు పరిమితి దాటలేదు, ఎంసీబీకి అనుమానం రావడానికే లేదు, ప్లాస్టిక్ మాత్రం కరుగుతుంది. కొందరు ఎలక్ట్రీషియన్లు గోడ సాకెట్ బదులు మూత ఉండే గుండ్రటి నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్ పెడదాం అనేది ఇందుకే. అదీ 16 ఆంపియర్లదే, కానీ పళ్లు గట్టిగా పట్టుకుంటాయి, మూత ఉండటంతో వాన చుక్క అంత తేలిగ్గా లోపలికి పోదు.

వైరు పొడుగు తినేసే వోల్టులు

ఇంటి ప్లగ్గు నుంచి గేటు బయట ట్రైలర్ దాకా 30 మీటర్లు అనుకుందాం. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి, అంటే 60 మీటర్ల రాగి. దాని మీద 10 ఆంపియర్లు పారితే, షాపులో దొరికే సన్నటి 0.75 స్క్వేర్ ఎంఎం ఎక్స్‌టెన్షన్ వైరులో సుమారు 15 వోల్టులు దారిలోనే పోతాయి. 1.5 అయితే 8 వోల్టులు, 2.5 అయితే 5 వోల్టుల లోపు, 4 అయితే 3. పోయిన వోల్టులు వేడిగా మారతాయి. సన్న వైరులో అది 150 వాట్లు పైమాటే. వైరు నేల మీద పరిచి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది, మిగిలిన వైరుని చుట్ట చుట్టి మూల పెడితే పోవడానికి దారి ఉండదు. డ్రమ్ముకి చుట్టి అమ్మే ఎక్స్‌టెన్షన్ల మీద రెండు అంకెలు వేసేది అందుకే, పూర్తిగా విప్పితే ఒకటి, చుట్టి ఉంచితే అంతకంటే బాగా తక్కువది.

ఎండాకాలం సాయంత్రం కాలనీలో అన్ని ఏసీలూ ఒకేసారి వేసినప్పుడు లైను చివరి ఇళ్లకి వోల్టేజి 205కి దిగిందనుకోండి. సన్న వైరులో ఇంకో 15 పోతే ట్రైలర్‌కి చేరేది 190. వోల్టులు తగ్గితే అన్నీ తక్కువ కరెంటు లాగుతాయని అనుకుంటాం. గీజర్, ఇస్త్రీపెట్టె విషయంలో అది నిజమే. కానీ బ్యాటరీ ఛార్జర్ లాంటివి తమకి కావాల్సిన వాట్లు ఎలాగైనా లాక్కుంటాయి, వెయ్యి వాట్లు లాగే పరికరమైతే 230 దగ్గర 4.3 ఆంపియర్లు తీసుకునేది 190 దగ్గర 5.3 తీసుకుంటుంది. పాత రకం ఏసీ కంప్రెసర్ అయితే మొదలవలేక మూలుగుతూ ఇంకా ఎక్కువ లాగుతుంది. వైరు ఇంకా వేడెక్కుతుంది, వోల్టేజి ఇంకా దిగుతుంది.

ఆంపియర్ల కంటే ముందు అడగాల్సిన ప్రశ్న: ఎర్త్

ఇన్ని లెక్కలు చెప్పినా నాకు వీటికంటే ఎక్కువ భయం ఉన్నది ఎర్త్ గురించే. ఓవర్‌లోడ్ అయితే ప్లగ్గు కాలుతుంది, వాసన వస్తుంది, ఎవరో ఒకరు చూస్తారు. ఎర్త్ లేకపోతే ఏమీ కనపడదు.

ట్రైలర్ అంటే రబ్బరు టైర్ల మీద నిలబడ్డ ఇనప పెట్టె. లోపల ఎక్కడో ఫేజు వైరు ఒరుసుకుని బాడీకి తగిలిందనుకోండి. ఎర్త్ వైరు లేకపోతే ఆ కరెంటు భూమిలోకి పోయే దారి లేదు, బాడీ మొత్తం 230 వోల్టులతో అలా నిలబడి ఉంటుంది. లోపల ఉన్నవాళ్లకి ఏమీ తెలియదు, వాళ్లు కూర్చున్నదీ తాకేదీ అదే పెట్టె కాబట్టి. వాన వెలిసాక చెప్పుల్లేకుండా తడి నేల మీద నిలబడి తలుపు హ్యాండిల్ పట్టుకున్నవాడి ఒంట్లోంచి దారి దొరుకుతుంది. తడిసిన ఒంటి నిరోధం వెయ్యి ఓమ్‌లనుకుంటే 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో చిన్న వంతు చాలు.

మరి ఎర్త్ ఉంటే? ఇక్కడ చాలామంది ఎర్త్ ఉంటే ఎంసీబీ పడిపోతుందని ధీమాగా ఉంటారు. లెక్క వేద్దాం. మన ఇళ్లలో చాలావాటికి ఆధారం ఇంటి పక్కన బొగ్గు, ఉప్పు వేసి పైపు పాతిన సొంత ఎర్త్ గొయ్యే. ఆ గొయ్యి, అటు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర గొయ్యి కలిపి 10 ఓమ్‌లు ఉన్నాయనుకుంటే, ఫేజు బాడీకి తగిలినప్పుడు పారేది 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సి రకం ఎంసీబీ వెంటనే పడాలంటే దాని అంకెకి ఐదు నుంచి పది రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. 23కి అది గంటసేపు కూడా ఆలోచించవచ్చు. ఆ గంటా బాడీ మీద ప్రాణం తీసే వోల్టేజి ఉంటుంది. సింహాచలం కొండ వైపు, కంబాలకొండ వైపు కట్టిన ఇళ్లలో నేల కింద ఖొండలైట్ రాయి, అక్కడ గొయ్యి నిరోధం సులువుగా ఇంకా పెరుగుతుంది. 100 ఓమ్‌లైతే పారేది 2.3 ఆంపియర్లే, ఎంసీబీ ఎప్పటికీ పడదు. సముద్రం పక్క ఇసుకలో ఉప్పు తడి ఉన్నచోట నిరోధం తక్కువే వస్తుంది, కానీ అదే ఉప్పు పాతిన జీఐ పైపుని కొన్నేళ్లలో తినేస్తుంది.

ఈ ఖాళీని పూడ్చేది ఆర్‌సీసీబీ అనే ఇంకో స్విచ్. అది ఎంత కరెంటు పారుతోందని చూడదు, ఫేజులో వెళ్లినంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా అని చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వచ్చిందంటే సెకనులో మూడో వంతు లోపే కట్ చేస్తుంది. గొయ్యి 100 ఓమ్‌లున్నా పారే 2.3 ఆంపియర్లు దానికి ఎంతో ఎక్కువ. అందుకే ఎంసీబీ వైరు కోసం, ఆర్‌సీసీబీ మనిషి కోసం అని నేను గుర్తుపెట్టుకున్నాను. రెండూ డీబీలో, అంటే ఇంటి స్విచ్చుల పెట్టెలో, పక్కపక్కనే ఒకేలా కనపడటంతో ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టే అనుకుంటాం.

బావ ఇంట్లో వరండా ప్లగ్గుకి మూడు రంధ్రాలూ ఉన్నాయి. విప్పి చూస్తే పై రంధ్రం వెనక వైరే లేదు. ఇల్లు కట్టినప్పటి నుంచీ అలాగే ఉంది, ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రం ట్రైలర్ తలుపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని మేనల్లుడు చెప్పకపోతే మేమూ చూసేవాళ్లం కాదు. ఛార్జర్ లాంటి పరికరాల లోపల ఫేజు నుంచి బాడీకి చిన్న ఫిల్టర్లు ఉంటాయి, ఎర్త్ లేనప్పుడు వాటిలోంచి కారే ఆ కొద్దిపాటి కరెంటే ఆ జివ్వుమనడం. అది ప్రాణం తీసేంత కాదు. ఎర్త్ లేదని మాత్రం చెప్పేసింది.

"కరెంట్ కారుని ఇదే ప్లగ్గుకి రోజూ పెడుతున్నాం కదా" అని ఒక ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. కారు ఛార్జింగ్ కేబుల్ మధ్యలో ఉండే డబ్బా లీకేజీని కనిపెడుతుంది, చాలావాటిలో ఎర్త్ సరిగ్గా లేకపోతే ఛార్జింగే మొదలవదు. ట్రైలర్‌కి వేసే మామూలు వైరు దేన్నీ అడగదు.

ట్రైలర్ పెట్టగానే ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతోందంటే

దీనికి రెండు కారణాలు ఎక్కువగా కనపడతాయి. ఒకటి, ఇందాక చెప్పిన చిన్న లీకేజీలు. ఛార్జర్, ఫ్రిజ్, ఏసీ, ఇంట్లో కంప్యూటర్, వాషింగ్ మెషిన్ అన్నీ కొంచెం కొంచెం కారిస్తే మొత్తం పెరుగుతుంది, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 దాటాక ఎప్పుడైనా పడవచ్చు. రెండోది, ట్రైలర్ లోపల న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేసి ఉండటం. లోపలి ఇన్వర్టర్ సొంతంగా నడిచేటప్పుడు ఆ కలయిక అవసరం పడవచ్చు, ఇంటి కరెంటుకి పెట్టినప్పుడు మాత్రం విడిపోవాలి, లేకపోతే న్యూట్రల్‌లో రావాల్సిన కరెంటులో కొంత ఎర్త్ దారిన పోయి ఆర్‌సీసీబీ పడిపోతుంది. మంచి ఇన్వర్టర్లలో అలా కలిపి విడదీయడానికి లోపలే రిలే అనే స్విచ్ ఉంటుంది. ట్రిప్ అవుతోందని ఆర్‌సీసీబీనే తీసేసిన ఇళ్లు చూశాను. దయచేసి అది చేయకండి.

అమెరికా ఇళ్లలో ఇదే పని చేసే పరికరం సుమారు 5 మిల్లీ ఆంపియర్లకే పడుతుంది, అందుకే అక్కడి వాళ్లు ఈ ట్రిప్పుల గురించి మనకంటే ఎక్కువ గోల పెడతారు.

ఏసీతో సహా నడపాలా, బ్యాటరీ మాత్రం నింపాలా

ఇక్కడ తెలిసినవాళ్లలోనే రెండు పక్షాలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది.

ఇంటి ప్లగ్గుతో బ్యాటరీని మాత్రం నింపుకోవాలనేది ఒక పక్షం. 12.8 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో పట్టేది సుమారు రెండున్నర యూనిట్లు. 20 ఆంపియర్ల ఛార్జర్‌తో పది గంటల పైన పడుతుంది, కానీ ఇంటి నుంచి లాగేది ఒకటిన్నర ఆంపియర్ లోపే. సన్న వైరైనా వేడెక్కదు. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్‌కి ఇది ధారాళం. దాని హద్దు కూడా అంతే స్పష్టం, అదే బ్యాటరీతో ఏసీ నడిపితే సగటున 700 వాట్లు లెక్కేసినా మూడు, మూడున్నర గంటలు. మే నెల ఉక్కపోతలో విశాఖలో రాత్రంటే మూడు గంటలు కాదు. పైన 400 వాట్ల సోలార్ పలకలు వేసినా మంచి ఎండకి రోజుకి ఒకటిన్నర యూనిట్లు వస్తాయి, ఏసీకి అవీ చాలవు.

రెండో పక్షం, డీబీ నుంచి ట్రైలర్ దాకా విడిగా 4 స్క్వేర్ ఎంఎం లైను, దానికి సొంత ఎంసీబీ, ఆర్‌సీసీబీ, బయట నీలం సాకెట్. ఖర్చు ఎక్కువ, గోడలు కొట్టాలి, అద్దె ఇంట్లో కుదరదు. కానీ పాత వైరింగ్‌లో ఏముందో అన్న అనుమానం మొత్తం పోతుంది. నా లెక్కలో ఏడాదికి నాలుగు రోజులు వాడేవాళ్లకి మొదటిది చాలు, ఏసీ వేసి మనుషులు పడుకునేటట్లయితే రెండోదే దారి. ఏ దారైనా ఎర్త్, ఆర్‌సీసీబీ మాత్రం తప్పవు.

మీటరు, బిల్లు, అపార్ట్‌మెంటు

ఏసీతో ఒక రాత్రి, ఒక పగలు కలిపి ఎనిమిది, తొమ్మిది యూనిట్లు అనుకుంటే, యూనిట్ 6 రూపాయల చొప్పున యాభై చిల్లర. కానీ ఇళ్లకి శ్లాబుల బిల్లు, నెలంతా ఇలా వాడితే చేరే రెండు వందల యాభై యూనిట్లూ మీ వాడకం పైన చేరి ఖరీదైన శ్లాబులో పడతాయి. ఇంటికి మంజూరైన లోడు ఎంతో కూడా బిల్లు మీదే ఉంటుంది. సెల్లార్‌లో పెట్టి కామన్ మీటరుకి తగిలిస్తే ఆ డబ్బు అందరూ కట్టాలి, గొడవ ఖాయం. ఇంకో మాట, ట్రైలర్‌ని అద్దెకిచ్చే వ్యాపారం చేస్తూ ఇంటి కేటగిరీ మీటరు మీద నడిపితే అది 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కిందకి వచ్చే అవకాశం ఉంది. సర్వీసు ఏ అవసరానికి తీసుకున్నామో దానికి కాకుండా వాడితే అందులో అనధికార వాడకంగా లెక్కిస్తారు.

తుఫాను రోజుల్లో కరెంటు ఎదురు తిరిగితే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి పోయాక రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన ఊరు మనది. అందుకే క్యాంపర్ ఉన్నవాళ్లకి ఒక ఆలోచన రావడం సహజం. ట్రైలర్‌లో బ్యాటరీ, ఇన్వర్టర్ ఉన్నాయి, ఆ కరెంటే ఇంట్లోకి ఎందుకు పంపకూడదు? రెండు చివరలా మగ ప్లగ్గు పెట్టి, ఒకటి ఇన్వర్టర్‌కీ ఇంకోటి గోడ సాకెట్‌కీ దూర్చేస్తే నాలుగు లైట్లు వెలుగుతాయి.

వెలుగుతాయి, నిజమే. ఇంటి మెయిన్ ఆన్‌లో ఉంటే ఆ 230 వోల్టులు సర్వీసు వైరు మీదుగా స్తంభం ఎక్కి ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోవచ్చు. 11,000ని తగ్గించే ఆ ట్రాన్స్‌ఫార్మరే వెనక నుంచి కరెంటు ఇస్తే పెంచుతుంది. చాలాసార్లు వీధి లోడుకి ఇన్వర్టర్ చేతులెత్తేస్తుంది. కానీ చెట్టు పడి మన వీధి మిగతా లైను నుంచి తెగి ఉంటే, ఆ తెగిన ముక్క మీద పని చేయడానికి ఎక్కేది లైన్‌మన్. లైను చచ్చి ఉందనుకునే ఆయన ఎక్కుతాడు. పైగా మన చేతిలో ఉన్న రెండో మగ ప్లగ్గు పిన్నులు, గోడలో దూర్చేలోపు 230 వోల్టులతో బయటికి ఉంటాయి.

మెయిన్ ఆఫ్ చేసే పెడతాం కదా అని కొందరంటారు. ఆఫ్ చేస్తే ఎదురు పోదు, ఆ మాట సరైందే. అయితే చీకట్లో, వానలో, ఆ మెయిన్ ఆఫ్‌లోనే ఉండాలన్న సంగతి ఇంట్లో అందరికీ గుర్తుండాలి. ఆ గుర్తు మీద ఆధారపడకుండా చేసేదే ఛేంజోవర్ స్విచ్. దాని హ్యాండిల్ ఒకవైపుకి వేస్తే ఇంటికి స్తంభం కరెంటు, రెండోవైపుకి వేస్తే ట్రైలర్ కరెంటు, మధ్యలో ఆఫ్. రెండు వైపులా ఒకేసారి ఉండటానికి దాని లోపల దారే లేదు.